ముందరి అర్రలోకి వచ్చిన గల్లీ

మంథనిలో మా ఇంటికి వీధిపోటు ఉంది. గోదావరి ఒడ్డున మొదలయ్యే గల్లీ అటూ ఇటూ తిరగకుండా నేరుగా వచ్చి మా తలుపుకే తగులుతుంది. అట్లాంటి ఇల్లు అచ్చిరాదని అందరూ అంటారు. మా తాత చిన్న వయసులోనే పోవడంతో ఆ మాటకు బలం వచ్చింది. ఎవరో చెప్పారని మా బాపమ్మ లింగవ్వ ఉత్తరపు తలుపు మూసేసి తూర్పు పక్కన చిన్న తలుపు పెట్టించింది. అప్పటి నుంచి మా ఇంట్లోకి మేమే దొంగల్లాగా పక్కనుంచి వెళ్ళేవాళ్ళం. మూసిన తలుపు వెనకున్న గదిని ముందరి అర్ర అనేవాళ్ళం. అందులో నూలు కట్టలు, పాత కుండలు, పట్టపగలు కూడా చీకటి. ఆ చీకట్లోనే మా అవ్వ కనకవ్వ నన్ను కన్నది.

మా అవ్వ చెన్నూరు సాలోళ్ళ పిల్ల. బడి ముఖం చూడలేదు. మగ్గం, వంట, పిల్లలు, ఇంతే ఆమె బతుకు అని మా వాడలో ఎవరినడిగినా చెప్తారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. కానీ ఒక మామూలు సంగతిని చూసి బతుకంతా ఆశ్చర్యపోగలిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ మా అమ్మమ్మ అప్పటికే పోయింది. పురుడు పోయడానికి ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు. అందుకని అవ్వ అత్తగారింట్లోనే ఉండిపోయింది. పోలీసు యాక్షన్ అయి నాలుగేళ్ళు దాటింది, మాది ఇంకా హైదరాబాద్ రాజ్యమే. చలికాలం. బాలింతకు గాలి తగలకూడదని బాపమ్మ ముందరి అర్రను సిద్ధం చేసింది. తలుపు పలకల సందులన్నీ పేడమట్టితో మెత్తింది. పాత గొలుసు కొక్కెం ఊడిన చోట, మనిషి తల ఎత్తున, చిటికెన వేలు పట్టేంత బొక్క ఒకటుంది. దాంట్లో గుడ్డపేలిక కుక్కింది. మంచం కింద కొడవలి, గుమ్మానికి వేపాకు, మూలకు కుంపటి. పాపం, ఆమె తెలియక ఎంత పనితనంగా చేసిందో తర్వాత చెప్తాను.

నేను పుట్టిన కొద్ది రోజులకు ఒక ఉదయం ఆ గుడ్డపేలికను ఎలుక లాగేసింది. అవ్వ కళ్ళు తెరిచేసరికి ఎదుటి గోడ మీద మనుషులు నడుస్తున్నారు. కాళ్ళు పైకి, తలలు కిందికి. చప్పుడు లేదు. ఒక ఎడ్లబండి చక్రాలు పైకి పెట్టుకుని మెల్లగా పోయింది. గోడ అడుగున, నేలకు దగ్గరగా, లేత నీలంగా ఆకాశం ఉంది. నన్ను గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నానని, లోకం తిరగబడింది, బయట ఎవరూ మిగలలేదు అనుకున్నానని అవ్వ నాకు చాలాసార్లు చెప్పింది.

కానీ ఎంతసేపని మూసుకుంటుంది? మళ్ళీ తెరిచింది. బొమ్మ అక్కడే ఉంది. లేచి గోడ మీద చెయ్యి పెట్టింది. ఒక మనిషి వచ్చి ఆమె అరచేతి వెనక మీదుగా నడిచి పోయాడు. బరువు లేదు, తడి లేదు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, కుంపటి పొగలో, తలుపు బొక్క నుంచి వెలుగు ఒక చారగా వస్తోంది. ఆ చారకు వేలు అడ్డం పెట్టింది. గోడంతా నల్లబడింది. వేలు తీసింది. గల్లీ తిరిగి వచ్చింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. ఆ రోజంతా అదే పని. ఆకలి కూడా మరిచిపోయిందట. బయటి లోకం మొత్తం చిటికెన వేలంత బొక్కలోంచి దూరి తన దగ్గరికి వచ్చిందని తెలిసి ఆమెకు ఏడుపు వచ్చింది. అది భయం ఏడుపు కాదు.

ఆ తర్వాత ఇంకా చూసింది. గల్లీకి రెండు పక్కలా ఉన్న ఇళ్ళ చూర్లు దూరం పోయేకొద్దీ ఒకదాని దగ్గరికి ఒకటి జరుగుతూ, చివరికి ఒక్క చోట కలిసిపోతున్నాయి. ఆ కలిసే చోట గోదావరి ఒక తెల్లని పోగులాగా మెరుస్తోంది. మనుషులు దగ్గరున్నా దూరమున్నా వాళ్ళ తలలన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. దగ్గరివాళ్ళ పాదాలు ఆ గీతకు ఎంతో పైన, దూరంవాళ్ళవి దాన్ని అంటుకుని. ఇంత పద్ధతిగా గల్లీ ఎప్పటి నుంచి ఉంది, నేనెప్పుడూ ఎందుకు చూడలేదు అనుకుంది. చూడకపోవడానికి కారణం ఉంది లెండి. ఆ ఇంటి కోడళ్ళు గల్లీలో నడిస్తే కొంగు తల మీదికి లాక్కుని, చూపు కాలి బొటనవేలు మీద పెట్టుకుని నడవాలి. తల ఎత్తి గల్లీని చివరిదాకా చూడటం ఆమెకు అదే మొదటిసారి.

ఈ సంగతి బాపమ్మకు చెప్పింది. బాపమ్మ అర్ర తలుపు తీసుకుని తొంగి చూసింది. తలుపు తీయగానే వెలుగు పడి గోడ తెల్లగా, ఖాళీగా నిలబడింది. ఏదీ అంటే ఏదీ లేదు. తలుపు వేస్తే మళ్ళీ గల్లీ. ఇంకెవరైనా వస్తే మాయమై, ఒక్కతే ఉన్నప్పుడు కనబడేదాన్ని మా వాడలో ఏమంటారో మీకు తెలుసు. మంత్రసాని భూమవ్వ కూడా చూసి బాలింతకు జర మనసు చెదిరిందని తల ఊపింది.

అంతటితో పోయేదే. కానీ మరునాడు మా తాత బుచ్చిరాములు, అంటే అవ్వ తండ్రి, చెన్నూరు నుంచి గోదావరి దాటి కూతుర్ని చూడడానికి వచ్చాడు. ఆయన ఎర్ర రుమాలు, చేతికర్ర, కుంటి నడక గోడ మీద తలకిందులుగా కనబడగానే అవ్వ ఉండబట్టలేక లోపలి నుంచి కేకేసింది.

"అత్తా, మా బాపు వస్తుండు. నెత్తిమీద గంపున్నది. గల్లీ చివర సత్తమ్మోళ్ళ ఇల్లు దాటిండు."

మూసిన గదిలో ఉన్న మనిషికి నది ఒడ్డున నడిచే మనిషి ఎలా కనబడతాడు? బాపమ్మ చేతిలో చాట అలాగే ఉండిపోయింది. కాసేపటికి నిజంగానే బుచ్చిరాములు తాత గంపతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అవ్వ తన మాట నిజమైందని సంబరపడింది. నిజం కావడమే ఆమె కొంప ముంచింది.

తాయెత్తులు కట్టే నాగయ్యను పిలిపించారు. ఆయన గది బయటే నిలబడి, వీధిపోటు మీదుగా వచ్చిన గాలి బాలింతను పట్టిందని తేల్చాడు. ఆ పాలు తాగితే బిడ్డ దక్కదన్నాడు. తల్లిని పుట్టింటికి పంపండి, బిడ్డను ఇక్కడే ఉంచుకోండి, గాలి వదిలాక చూద్దాం అన్నాడు. వదిలిందని చెప్పాల్సింది కూడా ఆయనే మరి. మా బాపు బాలమల్లు మంచి నేతగాడు, కానీ తల్లి ముందు నోరు లేదు. మగ్గం గుంతలో కూర్చుని, నేయకుండా, పోగు నడిపే నాడె చేతిలో పట్టుకుని ఉన్నాడట. గల్లీ అవతలి చివర బంగ్లా ఇంటి సత్తమ్మ కోడలు శంకరవ్వ కూడా బాలింతే. ఆమె పాలు పట్టిద్దాం అనుకున్నారు. బాపమ్మ నన్ను పసుపు గుడ్డలో చుట్టి తీసుకుని పోయింది.

బాపమ్మ చెడ్డది కాదు. మొగుణ్ణి ఆ ఇంట్లోనే పోగొట్టుకుంది, మనవరాలిని కూడా పోగొట్టుకుంటానని వణికిపోయింది. ఇప్పుడు ఇంత శాంతంగా రాస్తున్నాను కానీ, చిన్నప్పుడు ఈ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి నాకు నాగయ్య గడ్డం పీకాలనిపించేది.

బయట గొలుసు పెట్టిన అర్ర తలుపును అవ్వ బాదింది. బాది బాది అలిసిపోయి గోడవైపు తిరిగింది. గోడ మీద బాపమ్మ వెళ్తోంది, చంకలో పసుపు మూట. అవ్వ కుంపటిలోంచి చల్లారిన బొగ్గు తీసి, గోడ మీద ఆ మూట ఉన్న చోట, మూట ఎంత ఉందో అంత గీత గీసింది. మూట కదిలింది, చిన్నదైంది. ఇంకో గీత గీసింది. ఇంకా చిన్నదైంది, ఇంకో గీత. నా బిడ్డ కరిగిపోతోంది అనుకుంది. గల్లీ చివరికి చేరేసరికి నేను కందిగింజంత ఉన్నాను. అప్పుడే సత్తమ్మ బయటికి వచ్చింది. గల్లీలో అందరికన్నా లావు మనిషి సత్తమ్మ. గోడ మీద ఆమె ఎండుమిరపకాయంత ఉంది. అవ్వ బొగ్గు పట్టుకుని అలాగే నిలబడింది. చిన్నతనం బిడ్డది కాదు, దూరానిది. బిడ్డ ఎంతుందో అంతే ఉంది. 

కూతుర్ని తీసుకుని పొద్దున్నే బయల్దేరదామని బుచ్చిరాములు తాత మూట కట్టుకున్నాడు. తెల్లవారింది, ఎండెక్కింది, అవ్వ కదలలేదు. బాపమ్మ గంజి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. అవ్వ గంజి ముట్టుకోలేదు. గుమ్మం ఇవతలి నుంచి మాట్లాడింది. ఆ మాటలు నాకు చెప్పింది అవ్వ కాదు, వాకిట్లో నిలబడి విన్న తాత.

"అత్తా, ఒక్కసారి లోపటికి రా. తలుపేసి నా పక్కన కూసో. అన్నం ఉడికేంత సేపు సాలు. గోడ మీద ఏం కనవడకుంటె పిల్లను నువ్వే ఉంచుకో. నేను మా బాపు ఎంట పోత. మళ్ళ నా పిల్ల అని అడుగ."

తాత ఆ మాట వద్దని వారించాడు. అవ్వ అప్పటికే మాట అనేసింది, ఇంక వెనక్కి తీసుకోలేదు. బాపమ్మకు భయం. గాలి పట్టిన మనిషితో చీకటి గదిలో కూర్చోవడం మాటలా? పైగా పురుటి గది, మైల. కానీ కోడలు బిడ్డనే పందెం కాసింది. ఆ పందెం ముందు వెనకాడితే తన పెద్దరికం ఏం కావాలి? కొంగు నడుముకు చుట్టుకుని లోపలికి వచ్చింది. అవ్వ తలుపు మూసింది.

మొదట ఏమీ కనబడలేదు. ఎండలోంచి చీకట్లోకి వస్తే కళ్ళకు కాస్త సమయం పడుతుంది కదా. అవ్వకు అది తెలుసు, ఆగు అంది. గోడ మీద బూడిదరంగు మరకలా ఏదో తేలుతున్నప్పుడు మబ్బు పట్టింది. చలికాలం మబ్బు, ఎంతసేపుంటుందో ఎవరికి తెలుసు. గోడ నల్లగా అయింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, ఒకరి ఊపిరి ఒకరికి వినిపిస్తోంది. బయట పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. అవ్వ మొక్కని దేవుడు లేడు. బాపమ్మ లేవడానికి మోకాలి మీద చెయ్యి పెట్టింది.

అప్పుడు ఎండ వచ్చింది. గల్లీ ఒక్కసారిగా గోడ మీదికి వచ్చింది. రెండు వరసల ఇళ్ళు, వేపచెట్టు, ఆరేసిన ఎర్ర చీర, ఆ చివర గోదావరి. బాపమ్మ మోకాలి మీది చెయ్యి తీసింది. తను కాపురానికి వచ్చినప్పటి నుంచి తల వంచుకుని నడిచిన గల్లీ అంతా తన ముందు పరుచుకుని ఉంది. అందులోకి సత్తమ్మ వచ్చింది. చంకలో పసుపు మూట. నేను శంకరవ్వ పాలు తాగలేదట, ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నానట. ఇక తన వల్ల కాదని నన్ను తిరిగి తెస్తోంది. కందిగింజ శనగగింజ అయింది, శనగగింజ వంకాయ అయింది. తలకిందులుగా, కాళ్ళు ఆకాశానికి పెట్టుకుని, నేను పెద్దదాన్నవుతూ వస్తున్నాను.

బాపమ్మ దిగ్గున లేచింది. గోడ దగ్గరికి పోయి, పసుపు మూట కింద రెండు చేతులూ దోసిలి పట్టింది.

"పడుతది. పిల్ల కింద పడుతదే కనకవ్వా."

ఆమె వేళ్ళ మీద పసుపురంగు వెలుగు ఆడింది. అవ్వ నవ్వలేదు. మెల్లగా తలుపు దగ్గరికి పోయి బొక్కకు వేలు అడ్డం పెట్టింది. బాపమ్మ చేతులు చీకట్లో ఉండిపోయాయి. వేలు తీసింది. మూట మళ్ళీ దోసిట్లోకి వచ్చింది.

"దయ్యమైతే నా ఏలికి ఆగుతదా అత్తా?"

తూర్పు తలుపు దగ్గర సత్తమ్మ గొంతు వినిపించింది, దానితోపాటు నా ఏడుపు. బాపమ్మ వెళ్ళి నన్ను తీసుకుని వచ్చి అవ్వ ఒళ్ళో పెట్టింది. మళ్ళీ తలుపు వేసి అవ్వ పక్కనే కూర్చుంది. నేను పాలు తాగుతున్నంతసేపూ ఇద్దరూ గోడ చూస్తూ ఉన్నారట. బయట అన్నం మాడిపోయింది.

బుచ్చిరాములు తాత ఒక్కడే గోదావరి దాటాడు. నాగయ్య మాత్రం గాలి తన పేరు వినే పారిపోయిందని చాలాకాలం చెప్పుకున్నాడు. చెప్పుకోనీ.

పురుడు వెళ్ళాక అవ్వ బాపమ్మకు ఇంకో సంగతి చూపించింది. తలుపు బయట కొంచెం దూరంలో గుంజ పాతి, దానికి పైన ఒక మేకు, కింద ఒక మేకు కొట్టింది. రెంటికీ రెండు నూలు పోగులు కట్టి, బొక్కలోంచి లోపలికి తెచ్చి, బిగుతుగా గోడదాకా లాగింది. పై పోగు గోడ మీద కిందికి పోయింది, కింది పోగు పైకి పోయింది. వెలుగు కూడా పోగులాగా నిటారుగానే పోతుంది, ఇంత చిన్న సందులో దూరాలంటే ఒకదాన్నొకటి దాటక తప్పదు, అందుకే తలకిందులు అని చెప్పింది. నేను తొమ్మిదో తరగతిలో ఆ పాఠం చదివి ఇంటికి పరుగెత్తుకొచ్చి గొప్పగా చెప్పబోతే, నన్ను కూర్చోబెట్టి ఆ పోగులే మళ్ళీ కట్టి చూపించింది. పుస్తకంలో కూడా ఇది ఎక్కించిండ్రా అని తెగ సంతోషపడింది.

గంజి పెట్టిన తెల్లబట్ట గోడకు బిగించి, దాని మీద పడిన గల్లీని బొగ్గుతో గీసింది ఒకసారి. బట్టను తిప్పి పట్టుకుంటే గల్లీ నిలువుగా నిలబడింది. వాడంతా చూడటానికి వచ్చింది. ఎవరిల్లు వాళ్ళు వెతుక్కున్నారు. సత్తమ్మ తన బంగ్లా చూసుకుని మండిపడింది. మా పక్కనుండే లస్మవ్వ గుడిసె చాటంత ఉంది, ఆమె బంగ్లా గోరంత ఉంది. కావాలనే తక్కువ చేశావంది. నీ ఇంటి కాడ నుంచి గీస్తే మా ఇల్లే గోరంతయితది వదినె అని అవ్వ చెప్పింది. ఆ మాట సత్తమ్మకు బాగా నచ్చింది. వారం తిరగకుండా తన ముందు గది సందులన్నీ మూయించి, తలుపుకు బొక్క కొట్టించి, అవ్వను పిలిపించి గీయించుకుంది. మా ఇల్లు గోరంత ఉన్న ఆ బట్ట చాలా ఏళ్ళు వాళ్ళ బంగ్లాలో వేలాడింది.

నేను బడిలో ఉన్నప్పుడు పెద్దపల్లి బస్సులో కరీంనగర్ నుంచి సిద్దిరాములు అనే ఫొటోగ్రాఫర్ వచ్చేవాడు. మూడు కాళ్ళ డబ్బా, నల్లగుడ్డ. పిల్లలను వరసగా నిలబెట్టి ఫొటో తీయబోతుంటే అవ్వ వెళ్ళి ఒక్కసారి చూస్తానంది. ఆయన విసుక్కుంటూనే జరిగాడు. అవ్వ నల్లగుడ్డలోకి తల పెట్టింది. మేమంతా ఎండలో నిలబడ్డాం, నిలబడ్డాం, ఆమె మాత్రం బయటికి రాదు. ఎట్టకేలకు వచ్చి, గిది మా ముందరి అర్రనే, చిన్నగ చేసి కాళ్ళు పెట్టిండ్రు అంది. సిద్దిరాములుకు అర్థం కాలేదు. పని అయ్యాక మా ఇంటికి తీసుకొచ్చి తలుపు వేసి కూర్చోబెట్టింది. సగం పొద్దు అక్కడే ఉన్నాడు. డబ్బా ఎనక నిలబడుడే తెలుసు గని డబ్బాలోపట కూసునుడు గిదే మొదలు అక్కా, అన్నాడు. ఆ తర్వాత మంథని వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి కాసేపు గల్లీ చూసి పోయేవాడు.

నాకు పదిహేనేళ్ళప్పుడు, అరవై ఎనిమిదిలో, ఇంటికి సున్నాలు వేయించాం. ముందరి అర్రలో గల్లీ పడే గోడ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పసుపుపచ్చగా మాసిపోయి, బొగ్గు మరకలతో ఉండేది. చదువుకున్నదాన్ని కదా, ఇల్లు శుభ్రంగా ఉండాలని నా పట్టుదల. ఈసారి ఆ గోడకు కూడా వెయ్యమని సున్నం వేసేవాడికి చెప్పాను. అవ్వ గుమ్మంలో నిలబడి వింటోంది. మూలకు కూర్చున్న బాపమ్మ, అప్పటికి నడుం వంగిపోయింది, లేచి వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడింది.

"గీ గోడకు సున్నం ముట్టియ్యద్దు."

ఎందుకని నేను దబాయించాను. ఇవి ఉత్త మరకలే కదా అన్నాను. బాపమ్మ నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాగింది. నా వేలును మొదటి గీత మీద పెట్టింది. అది జానెడుంది. దాని పక్కన ఇంకొంచెం చిన్నది, తర్వాత ఇంకా చిన్నది. ఒక్కో గీత మీదుగా నా వేలును జరుపుకుంటూ పోయింది.

"గివన్ని నువ్వే. నేను నిన్ను ఎత్తుకపోతుంటె మీ అవ్వ గీసుకున్నది."

అవ్వ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. కథ నాకు తెలుసు. కానీ ఆ గీతలు ఈ మరకలేనని తట్టలేదు, అప్పటిదాకా వాటిని వేలితో తాకలేదు. మొదటి గీతలు పైపైన గీసినవి. పోయేకొద్దీ బొగ్గు లోతుగా దిగింది. చివరిది కందిగింజంత చుక్క. అక్కడ నా వేలి కొన కొంచెం లోపలికి పోయింది. బొగ్గు పెట్టి అదిమి అదిమి గోడకు గుంట పడింది.

సున్నం వేసేవాణ్ణి పక్క గదికి పంపాను. అర్ర తలుపు మూశాను. బాపమ్మ, నేను నేల మీద కూర్చున్నాం. కాసేపటికి గల్లీ వచ్చింది. గోదావరి మెరిసే చోటు సరిగ్గా ఆ చుక్క పక్కనే ఉంది.